పాత మారుతి 800కి ప్లగ్గులు, హెచ్.టి. వైర్లు: విజయనగరం బజారులో ఏవి కొనవచ్చు, ఏవి కొనకూడదు

కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) కాలం నాటి మారుతి 800కి, ఇంజన్‌లో పెట్రోలును నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటు తెచ్చే హెచ్.టి. (హై టెన్షన్) వైర్లు మార్చదలచుకున్నవారు ప్లగ్గుల దగ్గర కాస్త పొదుపు చేసినా పరవాలేదు గానీ, వైర్ల దగ్గర మాత్రం చేయకూడదని నా అభిప్రాయం. బజారులో దీనికి సరిగ్గా తలకిందులుగా సలహా ఇస్తారు. ఇరిడియం ప్లగ్గులు వేయించుకుంటే బండి కొత్తదానిలా లాగుతుందంటారు. వైర్ల మాట ఎత్తితే "అవి బాగానే ఉన్నాయి, ఎందుకండీ దండగ" అని తీసిపారేస్తారు. విజయనగరంలో నేను కొని, బిగించి, నడిపి చూసిన ప్లగ్గుల గురించీ వైర్ల గురించీ, వాటిని అమ్మే దుకాణాల తీరు గురించీ ఇక్కడ రాస్తున్నాను. ఓమ్ని వ్యానులో ఉన్నది కూడా అదే 796 సీసీ ఇంజన్ కాబట్టి, ఇందులో చాలా భాగం ఆ వ్యాను యజమానులకు కూడా వర్తిస్తుంది.

నాది 1997 మోడల్. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆపేసే దాకా దేశమంతటా లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన కారు కావడం వల్ల, దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుందన్న ధీమా మనకు ఉంటుంది. దొరకడం నిజమే, దొరికినదంతా మంచిది కాకపోవడమే చిక్కు. నా బండిలో ట్రబుల్ వానాకాలం మొదట్లో బయటపడింది. పొద్దున్న స్టార్టు చేయగానే ఐడిలింగులో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, వణికేది, మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే పికప్ అందక గుంజేది, ఇంజన్ వేడెక్కాక కొంత సర్దుకునేది. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి మిస్ కొడితే, అంటే అందులో పెట్రోలు అంటుకోకపోతే, ఉన్న బలంలో మూడో వంతు పోయినట్టే కాబట్టి, పెద్ద కార్లలో తెలియకుండా గడిచిపోయే లోపం కూడా ఇందులో సీటు కింద నుంచే తెలిసిపోతుంది.

ముందుగా దుకాణాల సంగతి. మన జిల్లాల్లో మోటారు సామాను అనగానే చాలామందికి సాలూరు గుర్తుకొస్తుంది. లారీలకు, లారీ బాడీలు కట్టే పనికి ఆ ఊరు పెట్టింది పేరు. అయితే లారీలన్నీ డీజిల్ బళ్లు, డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి ఈ విషయంలో సాలూరు ఖ్యాతి మనకు అక్కరకు రాదు. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కారు ప్లగ్గులు పెట్టే దుకాణాల్లో ఎక్కువ బేరం మోటారు సైకిళ్ల ప్లగ్గులదే. కౌంటరు మీద ఉండే కుర్రవాడికి బండి పేరు చెబితే నంబరు చూడకుండా పెట్టె తీసి ఇస్తాడు. నేను వెళ్లిన ఒక దుకాణంలో మారుతి ప్లగ్గులు కావాలంటే మూడు ప్లగ్గులు బల్ల మీద పెట్టారు. అందులో రెండింటి నంబరు ఒకటి, మూడోదాని నంబరు వేరు. ఇదేమిటని అడిగితే, "అన్నీ ఒకటే మాస్టారూ, మర ఒకటే కదా, ఎక్కేస్తాది" అని సమాధానం వచ్చింది. మర ఒకటే, నిజమే. ఎక్కడం కూడా ఎక్కుతుంది. ఎక్కిన తరువాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న, దానికి సమాధానం ఆ నంబరులోనే ఉంది.

ఉదాహరణకు ఎన్.జి.కె. వారి బీపీఆర్6ఈఎస్ అన్న నంబరును తీసుకుందాం. ఇందులో "బీ" అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. "పీ" అంటే మధ్యనున్న పింగాణీ ముక్కు లోహపు అంచును దాటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. "ఆర్" అంటే లోపల రెసిస్టర్, అంటే రేడియోలో గరగర రాకుండా కరెంటుకు కొంత అడ్డు పెట్టే ముక్క, ఉంది. "6" అన్నది వేడికి సంబంధించిన అంకె. "ఈ" అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి "ఎస్" మామూలు రాగి గుండె ఉన్న రకాన్ని సూచిస్తుంది. వీటిలో మర వ్యాసం తప్పితే ప్లగ్గు అసలు ఎక్కదు కాబట్టి ఆ భయం లేదు. మర పొడవు తప్పితే మాత్రం ప్రమాదమే. పొట్టి ప్లగ్గు వేస్తే నిప్పురవ్వ లోపలి గదిలోకి రాకుండా గుంటలోనే పుడుతుంది, ఖాళీగా మిగిలిన మర వరసల్లో బొగ్గు పేరుకుని తరువాత సరైన ప్లగ్గు కూడా ఎక్కనివ్వదు. పొడవుది వేస్తే పిస్టన్‌కో వాల్వుకో తగిలే అవకాశం ఉంది. కాబట్టి పాత ప్లగ్గును జేబులో వేసుకుని వెళ్లి, కొత్తదాని పక్కన నిలబెట్టి చూసుకోవడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త.

వేడి అంకె విషయంలోనే ఎక్కువమంది తికమక పడతారు. ఎన్.జి.కె., డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే తన ముక్కు మీది వేడిని ఇంజన్ హెడ్‌లోకి త్వరగా వదిలేసేది. బాష్, ఛాంపియన్ ప్లగ్గుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అందువల్ల ఎన్.జి.కె. బీపీఆర్6ఈఎస్‌కు బాష్‌లో సమానమైనది డబ్ల్యూఆర్7డీసీ, డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ, ఛాంపియన్‌లో ఆర్ఎన్9వైసీ. ఒకటి 6, ఇంకొకటి 7, మరొకటి 20, వేరొకటి 9. నాలుగూ ఒక పనికే. అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా అని ఒక కంపెనీ 6కు బదులు ఇంకో కంపెనీ 6 కొంటే, అడిగినదానికంటే చల్లనిదో వేడిదో చేతికి వస్తుంది. దుకాణాల్లో సమానాల పట్టిక గోడకు అంటించి ఉంటుంది గానీ దాన్ని చూసేవారు తక్కువ. పట్టిక చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర లేదు. మీ బండికి ఏ అంకె అన్నది మెకానిక్కు నోటి మాటగా కాక, బండితో వచ్చిన పుస్తకంలో చూసుకుని వెళ్లండి.

ఈ అంకెకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ప్లగ్గు ముక్కు దాదాపు 500 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే గానీ తన మీద పడిన మసిని తానే కాల్చుకోలేదు. 800 డిగ్రీలు దాటిపోతే నిప్పురవ్వ కోసం ఎదురు చూడకుండా పెట్రోలును తానే ముందుగా అంటించేస్తుంది. ఈ రెంటి మధ్యనే అది బతకాలి. మా ఇంట్లో బండి వాడకం ఎక్కువగా కంటోన్మెంటు నుంచి గంట స్తంభం దాకా, అక్కడి నుంచి కూరగాయలకూ బ్యాంకుకూ. ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే తాళం తీసేస్తాం. ఇలాంటి వాడకంలో చల్లని ప్లగ్గు వేస్తే మసి పట్టి మిస్ కొట్టడం ఖాయం. వారానికోసారైనా హైవే ఎక్కేవారికి ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

ఇక నేను వాడి చూసిన ప్లగ్గులు. ఎన్.జి.కె. మామూలు నికెల్ ప్లగ్గు, బాష్ మామూలు ప్లగ్గు, ఒక ఇరిడియం ప్లగ్గు, ఈ మూడు రకాలూ వేర్వేరు కాలాల్లో ఇదే బండిలో నడిచాయి. మొదటి రెండింటి మధ్య నాకు తేడా కనిపించలేదని నిజాయితీగా చెప్పాలి. బాష్ అంటే మన పెద్దవాళ్లు మైకో ప్లగ్గు అని పిలిచేదే. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. ఇప్పటికీ కొందరు పాత మెకానిక్కులు "మైకో ఉందా" అనే అడుగుతారు. రెండు ప్లగ్గులూ వందల్లో ధర, రెండూ పది వేల కిలోమీటర్ల పైచిలుకు హాయిగా నడుస్తాయి. విజయనగరంలో ఎన్.జి.కె. తేలికగా దొరుకుతుంది కాబట్టి నేను దానివైపు మొగ్గుతాను, అంతకు మించి కారణం లేదు.

ఇరిడియం ధర మామూలుదానికి అయిదారు రెట్లు ఉంటుంది. అది చెడ్డ సరుకు కాదు. ఇరిడియం చాలా గట్టి లోహం, తొందరగా అరగదు, అందువల్ల రవ్వ పుట్టే మధ్య ఎలక్ట్రోడును సూది మొనలా సన్నగా చేయగలుగుతారు. సన్నటి మొన నుంచి రవ్వ తక్కువ ఓల్టేజికే దూకుతుంది, చల్లని ఉదయాల్లో స్టార్టింగు కొంత తేలికవుతుంది. ప్లగ్గు తీయడానికి సగం ఇంజన్ విప్పవలసి వచ్చే కొత్త కార్లలో, లక్ష కిలోమీటర్ల దాకా చెయ్యి పెట్టకుండా ఉండడానికి దీన్ని మించినది లేదు. కానీ పాత కార్బ్యురేటర్ బండిలో ప్లగ్గు చచ్చిపోయేది అరిగి కాదు, మసి పట్టి, ఆయిల్ పట్టి. పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు వయసు మీద పడిన ఇంజన్‌లో ఇరిడియం మొనకు కూడా అదే నల్లటి పూత పడుతుంది. పైగా దాన్ని ఇత్తడి బ్రష్షుతో గీకడానికి వీల్లేదు, ఆ మొన చెడుతుంది. అంత డబ్బు పోసి కొన్న ప్లగ్గును మామూలు ప్లగ్గులాగే ఏడాది తిరగక ముందే మార్చవలసి వస్తే కొన్న ప్రయోజనం ఏముంది? నా లెక్కలో ఈ బండికి ఇరిడియం అనవసరం.

ధర కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది నకిలీల విషయంలో. పేరున్న ప్రతి ప్లగ్గుకూ నకిలీలు ఉన్నాయి, పెట్టె మీది అచ్చు కూడా దాదాపు అసలులాగే ఉంటుంది. గతంలో ఒక దుకాణంలో నాకు ఇచ్చిన ప్లగ్గులను ఇంటికి తెచ్చి వెలుతురులో పెట్టి చూస్తే ఒకదాని పక్క ఎలక్ట్రోడు మధ్యదానికి నేరుగా పైన కాకుండా ఒక వారగా ఒరిగి ఉంది. దాని రింగు వాషరును వేళ్లతో తిప్పితే మర మీదుగా తేలిగ్గా ఊడి చేతిలోకి వచ్చేసింది. అసలు ప్లగ్గుకు ఆ వాషరు వదులుగా తిరుగుతుంది గానీ ఊడిరాదు. లోహపు పూత నున్నగా మెరవకుండా గరుకుగా ఉండడం, పింగాణీ మీది అక్షరాలు గోటితో రుద్దితే చెదరడం, ఒకే పెట్టెలోని ప్లగ్గుల గ్యాపు (రెండు ఎలక్ట్రోడుల మధ్య రవ్వ దూకే సందు) ఒక్కోటి ఒక్కో తీరుగా ఉండడం కూడా అనుమానించదగ్గ గుర్తులే. రెసిస్టర్ ప్లగ్గు అయితే మల్టీమీటరు ఒక కొసను పై టెర్మినల్‌కూ, రెండో కొసను కింద మధ్య ఎలక్ట్రోడుకూ ఆనించి చూడండి. సుమారు 5 కిలో ఓములు, అటూ ఇటూగా, చూపాలి. సున్నా చూపితే లోపల రెసిస్టరే లేదు. ఆ దుకాణదారు మారుమాట లేకుండా ప్లగ్గులు వెనక్కి తీసుకున్నాడు, అది అతని మంచితనం. కాకపోతే వాటిని తిరిగి అదే అరలో పెట్టడం కూడా నేను చూశాను.

అసలు డబ్బు పెట్టవలసిన చోటు వైర్లు. ఈ బండిలో ఓల్టేజి పెంచే కాయిల్ నుంచి, దాన్ని సిలిండర్లకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్‌కు ఒకటి, డిస్ట్రిబ్యూటర్ క్యాపు నుంచి ప్లగ్గులకు మూడు, మొత్తం నాలుగు వైర్లు ఉంటాయి. వాటిలో ప్రవహించేది పన్నెండు ఓల్టుల కరెంటు కాదు, పదిహేను ఇరవై వేల ఓల్టులు, కొన్ని సందర్భాల్లో అంతకు పైమాటే. ఇంత ఓల్టేజికి చిన్న పగులు చాలు. ప్లగ్గు గ్యాపులో దూకడం కంటే పక్కనున్న ఇంజన్ బాడీలోకి దూకడం తేలికైతే అక్కడికే దూకుతుంది. మీద పైపూత రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల కార్బన్ పోగు తెగి ఉంటుంది. లేదా పోగు బాగానే ఉండి ప్లగ్గు మీద కూర్చునే టోపీ, మెకానిక్కులు బూటు అనేది, ఎండకు వేడికి గట్టిపడి నెర్రెలు విచ్చి ఉంటుంది. కళ్లతో చూసి "బాగానే ఉన్నాయి" అనడం అందుకే నమ్మదగిన మాట కాదు.

వైర్లలో రెండు మూడు రకాలున్నాయి. పాత కాలపు రాగి తీగ వైర్లలో కరెంటుకు అడ్డు (రెసిస్టెన్సు) దాదాపు ఉండదు, రవ్వ బలంగా వస్తుంది, కానీ పక్కనే ఉన్న రేడియోలో గరగర వినిపిస్తుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో అది అంతకంటే చెడ్డ పని చేయవచ్చు. కార్బన్ పూసిన దారాల వైరు ఇప్పుడు మామూలుగా దొరికేది. మీటరుకు పది నుంచి ఇరవై కిలో ఓముల దరిదాపుల్లో అడ్డు ఉంటుంది. సన్నటి లోహపు తీగను చుట్టలుగా చుట్టి చేసిన వైర్లు ధర ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. పైపూతలో సిలికాన్ రబ్బరు అన్నిటికంటే వేడిని ఓర్చుకుంటుంది; చవక వైర్లలో ప్లాస్టిక్ పూత ఇంజన్ వేడికి కొన్నాళ్లకే కర్రలా బిగుసుకుపోతుంది.

నేను మొదట బజారులో దొరికిన చవక సెట్టును పరిశీలించాను. పేరు రాయను, పెట్టె మీద పేరు కంటే బొమ్మే పెద్దదిగా ఉంది. వైరును వేలికి చుట్టి వదిలితే చుట్టిన ఆకారంలోనే ఉండిపోయింది. నాలుగు వైర్లనూ మీటరు పెట్టి చూస్తే ఒకదానిలో మిగతావాటికి రెట్టింపు చూపింది, ఆ వైరును వంచితే అంకె ఎగిరిపోయి మళ్లీ వచ్చింది. లోపలి పోగు టెర్మినల్ దగ్గర సరిగ్గా బిగియలేదన్న మాట. కొత్త సరుకులోనే ఈ పరిస్థితి ఉంటే ఇంజన్ వేడిలో రేపు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. తరువాత పేరున్న కంపెనీ సిలికాన్ వైర్ల సెట్టు ఒకటి, అంగళ్లన్నీ తిరిగితే శ్రీకాకుళంలో దొరికింది. ధర చవక సెట్టుకు రెండున్నర రెట్లు. మెత్తగా, బరువుగా ఉన్నాయి, నాలుగింటి అడ్డూ వాటి పొడవుకు తగినట్టు క్రమంగా ఉంది, బూట్లు ప్లగ్గు మీద పెట్టి నొక్కితే లోపలి క్లిప్పు "టక్" మని పట్టింది. ఆ టక్ మన్న శబ్దం రాకపోతే వైరు కొనకండి. అక్కడ వదులుంటే ఆ సందులోనే రవ్వ దూకి టెర్మినల్ నల్లగా కాలిపోతుంది.

మారుతి కంపెనీ సొంత పెట్టెలో వచ్చే వైర్లు అధీకృత షోరూముల ద్వారా తెప్పించుకోవచ్చు గానీ ఇంత పాత మోడల్ సామాను అల్మరాలో సిద్ధంగా ఉండడం అరుదు. ఆర్డరు పెట్టి ఎదురు చూడాలి. పొడవు సరిగ్గా సరిపోవడం దాని గొప్ప లక్షణం. బయటి సెట్లలో ఒక వైరు అంగుళమో రెండంగుళాలో ఎక్కువ ఉండడం, అది ఎగ్జాస్ట్ దగ్గరికి వేలాడడం సాధారణం. క్లిప్పులతో పైకి కట్టేస్తే సరిపోతుంది గానీ కట్టకుండా వదిలేస్తే మాత్రం అక్కడే కరిగి షార్టు అవుతుంది.

వైర్లు పోయాయో లేదో తేల్చడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. చీకటి పడ్డాక, వీధి దీపం వెలుతురు పడని చోట బానెట్ ఎత్తి, ఇంజన్ ఐడిలింగులో పెట్టి, వైర్ల వైపు కాసేపు చూస్తూ ఉండండి. చెయ్యి పెట్టకండి. వైర్లు చచ్చుబడితే వాటి వెంట నీలం రంగు మెరుపులు సన్నగా పాకుతూ కనిపిస్తాయి, దూరం నుంచే చెవి అటు పెట్టి వింటే చిటచిట చప్పుడు వినిపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనిపించకపోతే, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో నీటి తుంపర కొద్దిగా కొట్టి చూడండి. నా పాత వైర్లలో రెండో సిలిండరుది తుంపర పడగానే బూటు మొదట్లో నీలంగా వెలిగింది, అదే క్షణంలో ఇంజన్ కుంటడం మొదలుపెట్టింది. వానాకాలంలోనే ట్రబుల్ ఎందుకు వచ్చేదో, వేడెక్కి తేమ ఆరాక ఎందుకు సర్దుకునేదో దానితో తేలిపోయింది. పూసపాటిరేగ, భోగాపురం వైపు, శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట ఉండేవారికి ఉప్పు గాలి కూడా తోడవుతుంది. వైర్ల మీద ఉప్పు తేమ పూతలా పట్టి కరెంటుకు దారి చూపిస్తుంది. అక్కడివారు వైర్లను తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టడం కూడా సర్వీసులో భాగంగా పెట్టుకోవాలి.

వైర్లతో పాటు డిస్ట్రిబ్యూటర్ క్యాపు, దాని లోపల తిరిగే రోటరు కూడా మార్చాను. క్యాపు లోపలి ఇత్తడి ముక్కల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది, మధ్యలోని చిన్న కార్బన్ గుండీ సగానికి అరిగిపోయింది. కొత్త వైర్లు వేసి పాత క్యాపు ఉంచితే ఆ వైర్ల మీద పెట్టిన డబ్బు సగం బూడిదలో పోసినట్టే. పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న బండి అయితే కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంపి కలిపే సి.బి. (కాంటాక్ట్ బ్రేకర్) పాయింటు, దాని పక్కనుండే కండెన్సరు కూడా ఈ వరసలోనే చూడాలి. పాయింట్లు కాలి ఉంటే ఎంత మంచి ప్లగ్గుకైనా రవ్వ బలహీనంగానే వస్తుంది.

బిగించే పని దగ్గర మెకానిక్కుతో కొంత వాదించవలసి వచ్చింది. అతను మంచి పనివాడే, చెయ్యి తిరిగినవాడే. కానీ కొత్త ప్లగ్గును పెట్టె నుంచి తీసి, గ్యాపు తగ్గించడానికి హెడ్ మీద టకటకా రెండు దెబ్బలు వేయబోయాడు. ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకుల పనిముట్టు) ఉందా అని అడిగితే, "గేజీ ఎందుకు బాబూ, ఇన్నాళ్లూ చూపుతోనే సెట్టు చేస్తన్నాం" అన్నాడు. ఈ బండికి గ్యాపు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కంటికి 0.8కీ 1.0కీ తేడా కనపడదు, రవ్వకు కనపడుతుంది; గ్యాపు పెరిగిన కొద్దీ దూకడానికి ఎక్కువ ఓల్టేజి కావాలి, ఆ ఒత్తిడంతా వైర్ల మీద పడుతుంది. కాబట్టి ఫీలర్ గేజి మనమే ఒకటి కొని డాష్‌బోర్డు పెట్టెలో ఉంచుకోవడం మంచిది, ఖరీదు పెద్దగా ఉండదు. గ్యాపు సరిచేసేటప్పుడు పక్క ఎలక్ట్రోడును మాత్రమే వంచాలి, మధ్యదాన్నీ పింగాణీనీ తాకకూడదు.

ఈ ఇంజన్ హెడ్ అల్యూమినియంది. వేడి ఇంజన్‌లో ప్లగ్గులు విప్పితే మర ఊడి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి బండి చల్లారే దాకా ఆగాలి. కొత్త ప్లగ్గును ముందు చేత్తోనే, స్పానరు లేకుండా, చివరి దాకా తిప్పాలి. చెయ్యి ఆగిన చోట నుంచి స్పానరుతో సగం చుట్టు, మహా అయితే ఇంకాస్త, చాలు. వాషరు నలిగి కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. ఒకసారి వాడిన ప్లగ్గునే తిరిగి బిగిస్తే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు మాత్రమే. బలం చూపించే పని కాదిది. మర చెడితే దాని స్థానంలో హెలికాయిల్ అనే కొత్త మర చుట్ట వేయించాలంటే లేతు పనివాడి దగ్గరికి హెడ్ మోసుకెళ్లాలి. మరకు గ్రీజు పూయమని కొందరు చెబుతారు; పూత ఉన్న ప్లగ్గుకు అది అవసరం లేదని ఎన్.జి.కె. వారే చెబుతారు, గ్రీజు ఉంటే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది. బూటు లోపల మాత్రం సిలికాన్ గ్రీజు చుక్క రాస్తే తేమ చేరదు, మళ్లీ తీసేటప్పుడు అంటుకుపోదు.

వైర్లన్నీ ఒక్కసారి పీకేయకుండా ఒకటి తీసి దాని స్థానంలో ఒకటి పెట్టుకుంటూ పోవాలి. ఈ ఇంజన్‌లో సిలిండర్లకు రవ్వ అందే వరస 1-3-2. రెండు వైర్లు తారుమారైతే బండి స్టార్టు కాదు, లేదా కార్బ్యురేటర్‌లోంచి టపాకాయలా పేలుతుంది. తీసేటప్పుడు బూటు పట్టుకుని మెలితిప్పి లాగాలి గానీ వైరు పట్టుకుని లాగకూడదు. లోపలి కార్బన్ పోగులు తెగేది సగం అక్కడే.

మార్చిన తరువాత ఫలితం ఎలా ఉందో పట్టణంలో తిరిగితే తెలియదు, ఐడిలింగు నిలకడగా ఉందన్న సంతోషం తప్ప. ఇంజన్ మీద బరువు పడినప్పుడే రవ్వకు ఎక్కువ ఓల్టేజి కావాలి, బలహీనమైన వైరు అప్పుడే చేతులెత్తేస్తుంది. అందుకని గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కించి చూశాను. లోపల నలుగురం ఉన్నాం, కొంత సామాను కూడా ఉంది. మలుపు మలుపుకూ రెండో గేరులో తొక్కుతూ పోయినా ఒక్క గుంజుడు కూడా లేదు. ఇంతకు ముందు ఇదే ఘాటులో లారీ వెనక నిలబడి మళ్లీ కదలాలంటే భయపడవలసి వచ్చేది. పెట్రోలు ఖర్చు కొంత తగ్గినట్టు అనిపించింది గానీ కొలిచి చెప్పే పాటి లెక్క నేను కట్టలేదు.

పదిహేనేళ్లు దాటిన బళ్ల యజమానులకు ఇంకొక ఉపయోగం ఉంది. రిజిస్ట్రేషన్ రెన్యువలుకు బండి పరీక్షకు నిలబడాలి, కాలుష్య పత్రం ఎలాగూ కావాలి. భారత్ స్టేజి నిబంధనలకు ముందు నాటి నాలుగు చక్రాల పెట్రోలు బళ్లకు ఐడిలింగులో కార్బన్ మోనాక్సైడు 3 శాతానికి, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎంకు మించకూడదు. ఒక సిలిండరు మిస్ కొడితే ఆ సిలిండరు పెట్రోలు కాలకుండానే సైలెన్సరులోంచి బయటికి పోతుంది, హైడ్రోకార్బన్ల అంకె అమాంతం ఎగిసిపోతుంది. పరీక్షలో తప్పిన బండికి చాలామంది ముందు కార్బ్యురేటర్ విప్పిస్తారు. ముందు వైర్లు చూడడం తక్కువ ఖర్చు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంజన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. కంప్యూటరు ఉన్న కొత్త బండి దాన్ని తనంతట తాను సరిదిద్దుకుంటుంది, కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. అందువల్ల ప్లగ్గు విప్పి చూసినప్పుడు ముక్కు లేత బిస్కెట్ రంగులో ఉండవలసింది పోయి తెల్లగా కనిపించవచ్చు. తెల్లగా ఉంది కదా అని వెంటనే చల్లని నంబరు ప్లగ్గు వేయమనే సలహా నాకు కూడా వచ్చింది. ముందు మిశ్రమం సెట్టు చేయించి, గాలి ఎక్కడన్నా లీకవుతోందేమో చూసి, ఆ తరువాత కూడా తెలుపు తగ్గకపోతేనే నంబరు గురించి ఆలోచించాలి. పొడిగా నల్లటి మసి ఉంటే చోకు ఇరుక్కుపోయిందో, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందో చూడాలి. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది, దానికి ప్లగ్గులో మందు లేదు.

గ్యాసు కిట్టు పెట్టించుకున్న ఓమ్ని వ్యానుల వారు నేను చెప్పిన వైర్ల మాటను ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ ఓల్టేజి కావాలి కాబట్టి గ్యాపు పరిమితిలో తక్కువ వైపే ఉంచి, వైర్లు మంచివి వేయించి, ప్లగ్గులను మామూలు కంటే ముందే మార్చుకోవాలి.

కొనే వరస అడిగితే: ముందు మంచి సిలికాన్ వైర్ల సెట్టు, దానితో క్యాపు, రోటరు, మిగిలిన డబ్బులో పుస్తకంలో ఉన్న నంబరు గల మామూలు ప్లగ్గులు మూడు, ఇంకా డబ్బు చేతిలో ఉంటే ఫీలర్ గేజి. బిల్లు తప్పకుండా అడగండి. బిల్లు ఇవ్వడానికి వెనకాడే దుకాణంలో ప్లగ్గులు కొనకండి, తగ్గింపు ఎంత చెప్పినా సరే. పాత వైర్లలో మీటరు మీద బాగా చూపినది, పొడవు ఎక్కువ ఉన్నది ఒకటి పారేయకుండా డిక్కీలో ఉంచుకుంటే, రాత్రి పూట చిలకపాలెం దగ్గరో రణస్థలం దగ్గరో బండి ఆగినా ఇల్లు చేరడానికి అది చాలు.